పాత బండికి కొత్త డబ్బ

మానుకోట నుంచి కేసముద్రం పోయే రోడ్డు పక్కన అక్తర్ వెల్డింగ్ షెడ్డు. అప్పుడే తెల్లవారింది. వెనక మనుషులు కూర్చునే కొత్త ఇనుప డబ్బ ఎక్కించిన పాత పికప్ బండి దగ్గర ముగ్గురు నిలబడి ఉన్నారు: మిర్చి ఏరే ఆడకూలీల జట్టును నడిపే అంజమ్మ, బండి తోలే ఆమె కొడుకు డేవిడ్, షెడ్డు నడిపే అక్తర్.

"ఇది తొవ్వల ఊడి పడుతది."

"అమ్మా, ఇంకా తాళంచెయ్యి గూడ పెట్టలే."

"పెట్టకముందుకే చెప్తాన్న. పెట్టినంక చెప్పి ఏం లాభం? ఊడి పడుతది డేవిడూ. బయ్యారం దాక గూడ పోదు. మలుపు కాడ డబ్బ ఓ దిక్కు, బండి ఓ దిక్కు పోతయ్. నడుమల ఆడోళ్లు."

"అక్తరన్నా, షురూ అయింది సూడు. అందుకే ఈమెను తోల్కరాను అన్న. నేను ఆటో ఎక్కేసరికి ముందల సీట్ల కూసోని ఉన్నది."

"చెప్పుకో. తల్లి పిచ్చిదని అక్తర్‌కు గూడ చెప్పుకో."

"పిచ్చిదని ఎవలన్నరు? భయం ఎక్కువ అంటాన్న. పోయిన ఎండకాలం ఫ్యాన్ ఊడి పడుతదని ఆకిట్ల పండలేదా నువ్వు? మమ్మల్ని గూడ పండబెట్టినవ్. దోమలు పీక్క తిన్నయ్."

"పండబెట్టిన. అయితేంది?"

"పడ్డదా ఫ్యాన్?"

"తెల్లారి నువ్వు స్టూలెక్కి బిగించినవ్. అందుకే పడలే."

"విన్నవా అన్నా? గిట్లుంటది. చర్చిల గంట నెత్తి మీద పడుతదని వెనక బెంచీ మీద కూసుంటది. గంట ఏడున్నది? బయట. బయట గోపురం మీదున్నది."

"నవ్వకుర్రి. అక్తర్, నువ్వు గూడ నవ్వకు బిడ్డ. నాకు ఒళ్లు మండుతాంది."

"నవ్వుతలేనమ్మా. నువ్వు జర పరేషాన్ కాకు. డబ్బ మస్తు మంచిది. జనగామ పోయి తెచ్చిన. కొత్త మాడల్ బండిది. ముందల ఇంజన్ దిక్కు నుజ్జయిందని పాత సామాన్లోళ్లకు అమ్ముకున్నరు. వెనక గీత గూడ పడలే. రేకు సూడు, ఎంత మందమున్నదో. మీ పాతది సూడు, ఆ గోడకు ఆనిచ్చిన..."

"దానికేమైంది?"

"దానికేమైందా! భూపాలపల్లి కాడ బొగ్గులారీ ఎనకకొచ్చి గుద్దలేదా? చపాతీ మడిచినట్టు మడత పడ్డది."

"సాపు చేయుమన్న. సుత్తెతోటి కొట్టి సాపు చేయుమని నీకు చెప్పిన, వీనికి చెప్పిన. ఎవలన్న విన్నరా?"

"అడుగంత తుప్పేనమ్మా! అన్న సుత్తెతోటి కొడితే సుత్తె అవతలికెల్లింది. నీ కండ్ల ముందల్నే గదా."

"సూసిన. గా తుప్పు నాకు ఎరికైన తుప్పు. ఏడ కాలు పెట్టాల్నో ఏడ పెట్టొద్దో మా ఆడోళ్లందరికి ఎరికే. చీకట్ల గూడ ఎక్కుతరు. గిది ఎవలిదో, ఏడ తిరిగిందో. దీని కడుపుల ఏమున్నదో నాకేమెరిక?"

"డబ్బ కడుపుల ఏముంటదే? గాలి ఉంటది."

"నువ్వు ఊకో. ఏందా సప్పుడు?"

"ఏ సప్పుడు?"

"నేను ఎనక డాలా తలుపు పట్టుకొని ఊపితే టక్కుమన్నది. మళ్ల ఊపుత, విను... ఆ. విన్నరా?"

"డాలా గొళ్లెం సప్పుడమ్మా అది."

"గొళ్లెం పైనున్నది అక్తర్. సప్పుడు కిందికెల్లి వచ్చింది."

"కొత్తది గదా. నాలుగు దినాలు తిరిగితే సర్దుకుంటది."

"ఏంది సర్దుకునేది? అత్తగారింటికొచ్చిన పిల్లనా సర్దుకోనీకి? అది డబ్బ. మొదటి దినం ఎట్లున్నదో అట్లనే ఉండాలె. అయినా గిదేందిరా, గింత పొడుగున్నది? ఎనక టైరు దాటి గింత బయటికొచ్చింది."

"కొత్త మాడల్‌వి పొడుగే ఉంటయ్. మంచిదే గదమ్మా. ఇంకో ఇద్దరు ముగ్గురు కూసుంటరు."

"ఎవలు కూసునేది?"

"మాట వరసకు అన్న."

"డేవిడూ."

"ఏంది?"

"ఎవలికి మాటిచ్చినవ్?"

"మాటేం ఇయ్యలే. తండాల జమ్లీ వాళ్లు మన జట్టుల కలుస్తమంటే... సరే రార్రి అన్న."

"నాకు చెప్పకుంట!"

"చెప్తె ఏమంటవో ఎరికే గదా. తండా తొవ్వల పాములుంటయ్ అంటవ్."

"ఉంటయ్!"

"ఉంటయ్. సరేనా? ఉంటయ్. అక్తరన్నా, తాళాలియ్యి. ఈమె తోటి మాట్లాడితే పొద్దు మునుగుతది."

"ఇయ్యకు అక్తర్. ముందుగాల నాకు చెప్పు. దీనికి బోల్టులెన్ని ఏసినవ్?"

"సరిపోయినన్ని ఏసినమ్మా."

"సరిపోయినయా అని అడగలే. ఎన్ని అన్న."

"అన్ని దిక్కుల పట్టున్నది."

"పట్టంటే బోల్టేనా?"

"బోల్టు కాడ బోల్టు, వెల్డింగ్ కాడ వెల్డింగ్. ఏడ ఏది పడుతదో అది."

"పాత డబ్బకు మొత్తం బోల్టులే ఉండె. విప్పినప్పుడు గా ప్లాస్టిక్ మగ్గుల ఏసినవ్. నేను ఈడనే కూసున్న. గా మగ్గు ఇంకా నిండుగనే ఉన్నదేంది?"

"అవి పాతయమ్మా. తుప్పు పట్టినయ్. కొత్తయి ఏసిన."

"ఎన్ని?"

"అమ్మా! నువ్వేమన్న పోలీసువా? అన్న చేసిండు అంటే చేసిండు. మనిషిని గిట్ల నిలబెట్టి అడుగుతరా?"

"అడుగుత. దీని కింది తూట్లు, మన బండి తూట్లు కలిసినయా అక్తర్?"

"మాడల్ వేరైనప్పుడు అన్నీ ఎట్ల కలుస్తయమ్మా? ముందల కలిసినయ్."

"ఎనక?"

"ఎనక చేసిన."

"ఏం చేసినవ్?"

"పని చేసిన! నా మూతి మీద మీసం రాకముందు సంది గిదే పని చేస్తాన్న. ఇయ్యాల నువ్వొచ్చి నాకు నేర్పుతాన్నవా?"

"నేర్పుతలేను. నాకేమెరిక నేర్పనీకి? నేను చదివింది ఐదు. జరుగు, కిందికి ఒంగి సూస్త."

"చీర కరాబైతదమ్మా. ఆడ నూనె ఉన్నది."

"కానీ. జరుగు."

"అమ్మా, లే. ఎవలన్న సూస్తె నవ్వుతరు. రోడ్డు మీద పోయేటోళ్లంత సూస్తాన్నరు. అమ్మా!"

"ఏలు నల్లగైంది."

"ఏంది?"

"నా ఏలు. ఎనక పట్టీకి రంగేసినవ్ అక్తర్. ఇంకా ఆరలే."

"రాత్రి ఏసిన. తుప్పు పట్టకుంట."

"ముందల ఎయ్యలేదేంది? ముందల ఉత్త ఇనుమే కనబడుతాంది. బోల్టులు గూడ కనబడుతాన్నయ్. ఎనకనే ఏసినవేంది?"

"రంగు అయిపోయింది."

"అయిపోయిందా?"

"అయిపోయిందమ్మా! రంగు అయిపోదా? ఊరికె పుడుతదా?"

"అన్నా, నువ్వు గరం కాకు. ఈమె గంతే. అమ్మా, నీ ఫోన్ మోగుతాంది. ఎత్తు. ఓదెమ్మక్క అయ్యుంటది."

"హలో. ఆ, ఓదెమ్మా. వస్తాన్నం. లేదు, ఇంకా ఈడనే... బండి మంచిగనే... ఆ, సూస్తాన్నం. అందరొచ్చిర్రా? ఏడ కూసున్నరు? రోడ్డు మీద కూసోకుర్రి ఓదెమ్మా, లారీలొస్తయ్. ఇవతలికి జరుగుర్రి. గోడ కింద వద్దు, అది పాత గోడ. జర నడుమల కూసోర్రి. ఆ. పెట్టేయ్."

"విన్నవా? వాళ్లు సద్దులు కట్టుకొని కూసున్నరు. అక్కడ సంజీవ పటేలు చేన్ల మిర్చి పండి రాలుతాంది. నిన్నటి సంది ఫోన్ల మీద ఫోన్లు. ఇయ్యాల రాకపోతే వేరే జట్టును పిలుసుకుంట అన్నడు."

"పిలుసుకోనీ."

"పిలుసుకోనీ అంటవా? బండి పండుకున్న సంది నేను గూడ పండుకున్న ఇంట్ల! ఊర్ల నా మొఖం సూసినోడల్లా బండి ఏమైందిరా, బండి ఏమైందిరా! నీకేం, నువ్వు భయపడుతవ్, మంచిగుంటది. ఆ భయం కింద నేను నలుగుతాన్న. ఫౌజుల పోత అన్న. వద్దన్నవ్. హైదరాబాద్‌ల డ్రైవర్ కొలువు దొరికింది. ఫ్లైఓవర్లు కూలుతయ్, వద్దన్నవ్. బావి కాడ ఈత నేర్సుకుంట అంటే చెట్టుకు కట్టేసినవ్, యాదికున్నదా? చెట్టుకు!"

"బతికున్నవ్ గదా."

"గిదా బతుకుడు!"

"గిదే బతుకుడు. నోరు లేసి నన్ను తిడుతాన్నవ్ సూడు, గిదే. తిట్టు. నాకేం కాదు. గాని గా ఆడోళ్లు నీ బండి సూసి ఎక్కుతలేరు డేవిడూ. నా మాట మీద ఎక్కుతాన్నరు. పొద్దుగూకినంక నేను ఏం చేస్త? చెప్పు, ఏం చేస్త?"

"ఇంటింటికి దింపుతవ్."

"దింపి?"

"పేరు పెట్టి పిలుస్తవ్."

"ఆ. ఇంటి ముందల నిలబడి, 'రేణుకను తెచ్చిన, సూసుకోర్రి' అని లోపటికెల్లి ఎవలన్న వచ్చేదాక నిలబడుత. అత్త వస్తె అత్తకు, మొగుడొస్తె మొగునికి ఒప్పజెప్పి ముందలికి నడుస్త. ఒక్క ఇల్లు గూడ ఇడిసిపెట్ట. రేపు ఒక్క మనిషి తక్కువైతే ఆ ఇంటి ముందల పోయి ఏమని పిలవాలెరా నేను? ఏమని పిలవాలె?"

"డేవిడ్, నువ్వాగు. అమ్మా, నా మాట విను. ఇసుక బస్తాలేసిన దీంట్ల. నిండుగ ఏసి కేసముద్రం మార్కెట్ దాక పోయి వచ్చిన. ఏమన్న అయిందా? ఏం కాలే."

"ఇసుక బస్తా ఏసిన కాడ పండుకుంటది అక్తర్. ఆడోళ్లు పండుకుంటరా? ఒకామె లేస్తది, ఒకామె కూసుంటది. పాట ఎత్తుకుంటే అందరు ఊగుతరు. తొవ్వల కోతి కనబడిందనుకో, సూడాలని మొత్తం ఒక్క దిక్కే ఒరుగుతరు. నీ ఇసుక బస్తా కోతిని సూస్తదా?"

"నీ తోటి ఏం మాట్లాడుతరు! అన్నా, నేను చెప్తాన్న, తాళాలు ఇటియ్యి."

"డేవిడూ, నీ పెండ్లాన్ని ఎక్కిస్తవా దీంట్ల?"

"గ్రేస్‌నా? ఎక్కిస్త! ఇయ్యాల్నే ఎక్కిస్త. ఎనక అంచు మీద కూసోబెడుత. సంబరమేనా?"

"ఎక్కిస్తవ్. నీకు తెల్వదు, అందుకే ఎక్కిస్తవ్. కింద ఏమున్నదో నువ్వూ సూడలే, నేనూ సూడలే. తెలిసినోడు ఒక్కడే ఉన్నడు ఈడ. ఆయన్ను అడుగుత. అక్తర్."

"ఏందమ్మా?"

"మీ అమ్మను ఎక్కిస్తవా?"

"మా అమ్మను ఎందుకు తీస్తాన్నవ్ నడుమల?"

"ఉత్తగనే అడిగిన."

"ఉత్తగ గాదు! నువ్వు నన్ను బేఇజ్జత్ చేస్తాన్నవ్. నా షెడ్డుల నిలబడి నా పనిని తిడుతాన్నవ్. నేను ఎక్కుత, సూడు. నేనే ఎక్కి కూసుంట."

"నువ్వు మగోనివి. ఊడితే దూకుతవ్. మీ అమ్మను ఎక్కిస్తవా అన్న."

"డేవిడ్, మీ అమ్మను తీస్కపో. నా నోరు జారకముందుకే తీస్కపో."

"అరే, ఏందీ లొల్లి? పొద్దుపొద్దున నన్ను ఎవలు యాది చేస్తాన్నరు?"

"అమ్మీ, నువ్వు లోపటికి పో."

"ఏంది పోయేది? కిటికీల కూసోని అంతా వింటాన్న. నీ గొంతు రోడ్డు దాక వినబడుతాంది బేటా."

"అజీజ్‌బీ అక్కా, మంచిగొచ్చినవ్."

"మంచిగ రాలే అంజమ్మా. కోపంల వచ్చిన. నా కొడుకు పని మీద ఇన్ని మాటలా? వానికి ఎట్ల తిన్నడో ఎట్ల పన్నడో తెల్వలే ఈ వారమంత. నీ కొడుకే గదా, రోజూ వచ్చి 'అన్నా అయిందా, అన్నా అయిందా' అని మీద కూసున్నది?"

"నేను అడిగిన పెద్దమ్మా. మిర్చి రాలుతాంటే అడగనా?"

"అడుగు. వద్దనలే. గాని అయినంక ఈ పంచాది ఏంది? అంజమ్మా, మీ చర్చి గేటు ఎవలు చేసిర్రు?"

"అక్తరే."

"మరి దాని కిందికెల్లే పోతవ్ గదా ప్రతి ఆదివారం?"

"పోత. జర ఒంగి పోత."

"నిజమే పెద్దమ్మా. ఒంగే పోతది."

"అయ్యో అల్లా! నీ భయానికి మందు లేదు అంజమ్మా. సరే. నీకు ఏం గావాలె? నేను ఎక్కాలె, గంతే గదా? ఎక్కుత. డేవిడూ, డాలా దించు బిడ్డ. గా స్టూలు ఇటెయ్యి."

"అమ్మీ, నీ మోకాళ్లు..."

"నా మోకాళ్లు మంచిగనే ఉన్నయ్. నీ ఇజ్జత్ కంటె ఎక్కువనా మోకాళ్లు? చెయ్యియ్యి డేవిడూ. హా... ఎక్కిన. సూసినవా అంజమ్మా? గట్టిగున్నది. మా ఇంటి మంచం కంటె గట్టిగున్నది."

"అమ్మీ, ఎనక కూసోకు. ముందలికి జరుగు."

"ఎందుకు? ఈడ గాలి మంచిగొస్తాంది. మీ పడుసు పిల్లలు కూసున్నట్టు అంచు మీదనే కూసుంట, కాళ్లేలాడేసుకొని. సూడనీ అంజమ్మను, కండ్ల నిండ సూడనీ. తోలు డేవిడూ!"

"కేసముద్రం రైలు గేటు దాక తోలుకపోయి తోల్కొస్త పెద్దమ్మా. గొలుసు గట్టిగ పట్టుకో, గుంతలున్నయ్."

"ఉంటె ఉండనీ. గుంతల కాడ ఇంకా జోరుగ తోలు."

"అన్నా, తాళాలు. ఆ... స్టార్ట్ చేస్తాన్న. అన్నా, టైరు కింద రాయి తియ్యి. అన్నా, రాయి."

"అక్తర్, నేను ఇగ అరవ. అరిచింది చాలు. నీ పనిని ఒక్క మాట అనను. మీ అమ్మ ఎక్కింది. పొమ్మంటవా?"

"బేటా, పొమ్మను. ఒక్క మాట చెప్పేయ్. ఆమె నోరు మూతపడుతది."

"అన్నా, ఇంజన్ నడుస్తాంది. రాయి తియ్యమన్న."

"ఏంది బేటా, నన్ను గట్ల సూస్తవేంది? నేనేమన్న హజ్‌కు పోతాన్ననా? గిక్కడ గేటు దాక."

"అన్నా! నేను తొందర పెట్టిన, ఒప్పుకుంట. 'ఎట్లనన్న చేసి ఇయ్యి' అన్న. గాని అయింది, తీస్కపో అన్నది నువ్వే. అన్నవా లేదా? నువ్వు అన్నందుకే మా అమ్మను గిన్ని మాటలన్న నేను. అన్నవా లేదా? చెప్పు!"

"ఆగు డేవిడూ. అడగకు. సూడనీ ఆయన్ను."

"ఏంది సూసేది?"

"వాళ్ల అమ్మను."

"ఎందుకు ఏడుస్తాన్నవ్ బేటా?"

"ఇంజన్ బంద్ చెయ్యి డేవిడ్. అమ్మీ... ఆ అంచు మీద బరువెయ్యకు. లేసి నిలబడకు. కూసోనే మెల్లగ ముందలికి జరుగు, నేనొచ్చి ఎత్తుకొని దింపుత. ముందల్నే బోల్టులున్నయ్ అమ్మీ. ఎనక ఉత్త రంగే."